రెండు కిటికీల విమానం

పారిస్‌లో ఆ ఇనుప గోపురం ముందు మొట్టమొదటిసారి నిలబడినప్పుడు నాకు ఒళ్ళు మండింది. ఇంత దూరం వస్తే ఇదా! సింహాలేవీ? ఫోటోల వెనక కట్టడానికి మా నాయన పుంగనూరు పెయింటరు చేత వేయించిన పరదాలో ఆ గోపురం నాలుగు కాళ్ళ దగ్గరా నాలుగు సింహాలు కూర్చుని ఉండేవి. చుట్టూ కొబ్బరిచెట్లు. పక్కన పారే నదిలో ఎర్ర కలువలు. ఇరవయ్యేళ్ళు దాన్ని చూసి పెరిగినదాన్ని, అసలుది చూస్తే నాకు నకలులా కనిపించింది. పంపించిన పత్రికవాళ్ళకు కావలసిన ఫోటోలు తీసి ఇచ్చాను గానీ కోపం మాత్రం నాలుగు రోజులు తగ్గలేదు.

ఫోటోలు తీస్తూ దేశాలు తిరగడం ఇప్పుడు నా ఉద్యోగం. ఎక్కడికి పోయినా ఎవరో ఒకరు అడుగుతారు, మీరు తీసినవాటిలో మీకు బాగా నచ్చింది ఏదని. కెన్యాలో ఏనుగులనో, ఇస్తాంబుల్ పడవలనో, బొలీవియాలో ఉప్పునేలనో, నోటికొచ్చింది చెప్పి వదిలించుకుంటాను. నిజం చెప్పాలంటే చాలాసేపు పడుతుంది. అది నేను పొరపాటున తీసిన ఫోటో. 1998 ఎండాకాలంలో, పుంగనూరు జాతరలో తీశాను. దానివల్ల మా నాయనకు పని పోయింది, నాకు పని దొరికింది.

మా నాయన శంకరప్పకు మదనపల్లెలో స్టూడియో ఉండేది. పేరుకే స్టూడియో, కడుపు నిండేది జాతరల్లో. ఎండలు ముదిరితే పరదాలు చుట్టి, టెంపోలో వేసుకుని బయల్దేరేవాళ్ళం. పారిస్, తాజ్‌మహల్, కాశ్మీరు మంచుకొండలు, లండన్ వంతెన. అన్నిటికన్నా గిరాకీ విమానానికి. అట్టలు అతికించి, వెండిరంగు పూసి, రెండు కిటికీలు కోసిన విమానం అది. వెనక మేఘాల పరదా. స్టూలు మీద కూర్చుని కిటికీలోంచి తల బయటపెడితే చాలు, సముద్రాలు దాటుతున్నట్టే. కోటు, టై, నల్ల కళ్ళద్దాలు, విమానం నడిపేవాడి టోపీ అన్నీ మావే. మా నాయన మాత్రం పిల్లి ఎదురొచ్చినా తానే పక్కకు తప్పుకునే రకం. గట్టిగా మాట్లాడితే ఫోటోకు కూర్చున్నవాళ్ళు కళ్ళు మూస్తారని మెల్లగా మాట్లాడటం అలవాటు చేసుకున్నాడు. అది ఇంట్లోనూ పోలేదు. ఆ కొరత నేనూ మా అమ్మ ఈశ్వరమ్మా తీర్చేవాళ్ళం.

జాతరల్లో ఆయనకు పేరు తెచ్చింది డబల్ ఫోటో. ఒకే మనిషి ఒకే ఫోటోలో రెండు చోట్ల కనిపిస్తాడు. మా యాషికా కెమెరాకు రెండు కళ్ళు. పై కంటితో మనం చూస్తాం, కింది కంటితో అది ఫోటో తీస్తుంది. కింది కన్ను సగం మూసేటట్టు ఒక నల్ల మూత తగిలించి, మనిషిని ఎడమ కిటికీలో కూర్చోబెట్టి ఒకసారి నొక్కాలి. ఫిల్ము చుట్టకుండా, మూతను రెండో వైపుకు తిప్పి, అదే మనిషిని కుడి కిటికీలో కూర్చోబెట్టి మళ్ళీ నొక్కాలి. రెండు సగాలూ కలిసి ఒకే ఫోటో అవుతాయి. నడుమ ఒక సన్నటి గీత మాత్రం పడేది. ఇరవయ్యేళ్ళుగా నాయన ఆ గీతతో కొట్లాడుతూనే ఉన్నాడు. మామూలు ఫోటోలకైతే మా ఇంట్లో ఒకటే శాసనం, నొక్కిన వెంటనే ఫిల్ము చుట్టేయాలి. అందుకని కెమెరా ఎప్పుడు చేతికొచ్చినా ఫిల్ము చుట్టి ఉంటుందని మా నమ్మకం.

ఆ ఏడు జాతర రెండో రోజు మధ్యాహ్నం గోవిందరాజులు మా డేరాకు వచ్చాడు. సదుం దగ్గర మామిడితోపుల ఆసామి. పుంగనూరులోనూ కుప్పంలోనూ జాతర అంగళ్ళ వేలంపాట ఆ ఏడు పాడుకున్నది ఆయనే. ఆయన వేలు ఎక్కడ చూపిస్తే మేం అక్కడ గుంజ పాతుకోవాలి. వెంట భార్య అన్నపూర్ణమ్మ ఉంది. నేను వాకిట్లో నిలబడి జనాన్ని పిలుస్తున్నాను. ఆమెకు స్టూలు వేశాను. ఆమె లోపలికి పోతున్న మొగుడి వీపు వైపు చూసి, కూర్చోకుండా, ఆయన తువ్వాలు పట్టుకుని ఎండలోనే నిలబడింది.

లోపల జరిగింది తర్వాత నాయన చెప్తే తెలిసింది. "డబల్ ఏసెయ్ శంకరప్పా. ఇమానం తోలేదీ నేనే, ఇమానంలో పొయ్యేదీ నేనే" అన్నాడట గోవిందరాజులు. నాయన ఆయనకు టోపీ పెట్టి, ఎడమ కిటికీలో కూర్చోబెట్టి నొక్కాడు. మూత తిప్పాడు. అంతలో ఆయన దగ్గర పనిచేసే దేవేంద్ర పరిగెత్తుకొచ్చాడు, బొమ్మల అంగళ్ళవాళ్ళు చోటుకోసం కొట్టుకుంటున్నారని. గోవిందరాజులు టోపీ తీసి కిటికీలో పడేసి వెళ్ళిపోయాడు. రెండు సగాలూ అయిపోయాయని నేను అనుకున్నాను. నాయన కాసేపు ఎదురుచూసి, "సూస్తా ఉండు పాపా, రెండు ముద్దలు తినొస్తా" అని వెళ్ళాడు. ఫిల్ము చుట్టలేదన్న మాట ఆకలిలో మరిచిపోయాడు.

అప్పుడొచ్చింది మునెమ్మ. ముప్పై ఏళ్ళు దాటి ఉండవు. నైలాను చీర, చేతికి పచ్చగా మెరిసే గడియారం. పక్కన వాళ్ళమ్మ మారెమ్మ, ఆరేళ్ళ కూతురు. మా విమానాన్ని ఆ చివరి నుంచి ఈ చివరి దాకా చూసి పకపకా నవ్వింది.

"ఎవురప్పా ఇది కోసింది? ఇమానం కిటికీ ఇంత ఉండదు. అన్నం తట్టంత ఉంటాది. తల బయటికి పెట్టేదానికి ఇదేమన్నా బస్సా?"

నాకు రోషం వచ్చింది. "నువ్వేమో ఎక్కినట్టు సెప్తాండావే!"

"ఎక్కినా గదా. పొయ్యేటప్పుడొగసారి, వచ్చేటప్పుడొగసారి."

కువైట్‌లో ఒక ఇంట్లో పనికి పోయి రెండేళ్ళకు వచ్చిందట. కుప్పం జాతర నాడు రైలెక్కి మద్రాసు పోయి, అక్కణ్ణుంచి మళ్ళీ విమానం. మళ్ళీ రెండేళ్ళు. అంతవరకు నవ్వుతూనే చెప్పి, కూతురి తల మీద చెయ్యి వేసింది.

"ఇది నేను బస్సులో పోయినాననుకుంటాదమ్మా. దినామూ సాయంత్రం బస్సు ఆగేసోటికి పొయ్యి నిలబడుకుంటాదంట. మా యమ్మ ఈడ్సుకోని రావల్ల. ఇమానంలో పోయినోళ్ళు బస్సులో రారని దీనికి తెలియల్ల. దానికే ఒగ ఫోటో కావల్ల నాకు. ఇమానంలో ఉండేది."

ఎడమ కిటికీలో టోపీ పడి ఉందని ఆమెను కుడి కిటికీలో కూర్చోబెట్టాను. నల్ల కళ్ళద్దాలు పెట్టాను. పై కంటిలో చూస్తే మునెమ్మ చక్కగా కనిపించింది. కింది కన్ను సగం మూసి ఉన్నా పై కంటితో చూసేవాళ్ళకు తెలియదు. "నిజం ఇమానంలో గూడా ఇట్లే నగినావా అక్కా?" అని అడిగాను. "యాడ! మద్రాసు కాడ నుంచి కువైట్ దాకా ఏడ్సినా. ఇప్పుడు నగుతా, తియ్" అంది. నొక్కాను. నవ్వు అయిపోకముందే ఫోటో పడింది. వెంటనే ఫిల్ము చుట్టేశాను. నాయన వచ్చి, గోవిందరాజులన్న ఇంక రాడులే అనుకుని, మూత పీకి జేబులో వేసుకుని తర్వాతివాళ్ళను పిలిచాడు.

మదనపల్లెలో మా ఇంటి వెనక గదిలో ప్రింట్లు వేస్తుంటే ఆ ఫోటో మందునీళ్ళలో తేలింది. ముందు మేఘాలు వచ్చాయి. తర్వాత విమానం. ఎడమ కిటికీలో టోపీతో, మీసం కింద చిరునవ్వుతో గోవిందరాజులు. కుడి కిటికీలో నల్ల కళ్ళద్దాలతో, పళ్ళన్నీ కనిపించేలా నవ్వుతూ మునెమ్మ. ఇద్దరూ కలిసి ఒకే విమానంలో ఏ దేశానికో పోతున్నారు.

నాయన దాన్ని నీళ్ళలోంచి తీసి బల్బు కింద పెట్టుకుని చాలాసేపు చూశాడు. తిడతాడనుకున్నాను.

"గీత లేదే!" అన్నాడు. "సూడు పాపా. గీత యాడ ఉండాది? లేదు!"

మా అమ్మను కేకేశాడు. ఆయన కేకేయడం నేనెప్పుడూ వినలేదు. అమ్మ చీపురుతోనే వచ్చి చూసి, నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. నవ్వుతూ నవ్వుతూ ఉన్నట్టుండి ఆగిపోయింది. అప్పుడు నాయనకూ తెలివి వచ్చింది. మునెమ్మ గోవిందరాజులు తోపులో కూలి చేసిన మనిషి. ఊరి బయట కాలనీ మనిషి. ఆమెతో పక్కపక్కన కూర్చుని నవ్వుతున్నట్టు ఆయన ఫోటో!

"కాల్సేస్తాం. ఆ బిడ్డను పిలిసి మళ్ళా తీస్తాం" అన్నాడు నాయన. అన్నాడే గానీ కాల్చలేదు. ఇరవయ్యేళ్ళ గీత కదా, చేతులు రాలేదు.

వారానికి మునెమ్మ కూతుర్ని వెంటబెట్టుకుని మదనపల్లె వచ్చింది. నాయన ముందే చేతులు జోడించి, మిషన్ తప్పమ్మా అని మొదలుపెట్టి, జరిగిందంతా చెప్పి ఫోటో చేతికిచ్చాడు. ఆమె చూసింది. చూస్తూనే ఉంది. నాకు భయమేసింది. కూతురు తల్లి చెయ్యి కిందకు లాగి తానూ చూసింది.

"ఇది నువ్వు. ఈయనెవురుమా?"

"ఈయనా? ఇమానం తోలేవాడు" అంది మునెమ్మ. ఆ తర్వాత నవ్వు ఆపుకోలేకపోయింది. బెంచీ మీద కూలబడి, కళ్ళు తుడుచుకుని, మళ్ళీ చూసి మళ్ళీ నవ్వింది.

"మళ్ళా తీస్తామమ్మా, నువ్వొక్కదానివే ఉండేటట్టు" అన్నాడు నాయన.

"యాల?"

"రాజులన్న ఊరుకోడు."

"నేను పొయ్యి ఆయప్ప పక్కన కూసున్నానా? ఆయప్పొచ్చి నా పక్కన కూసున్నాడా? మిషన్ కూసోబెట్టింది. మిషన్‌ను అడగమను." నవ్వు పోయింది ఆమె గొంతులో. "పన్నెండేండ్లు ఆ తోపులో కాయలు కోసినా సామీ. నీళ్ళు కావల్లంటే దోసిలి పట్టినా. పైనుంచి పోస్తే తాగినా. ఇమానంలో నా పక్క సీట్లో టై కట్టుకున్న పెద్దమనిషి కూసున్నాడు. బెల్టు పెట్టుకునేది తెలీక నన్నడిగినాడు. నేనే పెట్టినా. ఆయనకేం కాలా. ఈయనకు మాత్రం ఫోటోలో కూసుంటే ఏమైపోతాది? నాకు ఇదే కావల్ల. ఇంకోటొద్దు."

నాయన నా వైపు చూశాడు. నేను ఫోటోను కవర్లో పెట్టి ఆమె చేతికిచ్చాను. ఆయన వద్దనలేదు. గోడ మీద క్యాలెండరు చూస్తూ నిలబడ్డాడు.

ఆ ఫోటో మారెమ్మ ఇంటి గోడకు ఎక్కింది. కాలనీవాళ్ళంతా వచ్చి చూసిపోయారు. ఎవరొచ్చి ఎవరని అడిగినా ఆ ఆరేళ్ళ పిల్ల ఒకటే మాట చెప్పేది: ఇది మాయమ్మ, ఈయన ఇమానం తోలేవాడు. పది రోజుల్లో ఆ మాట సదుం టీ అంగళ్ళకు చేరింది. గోవిందరాజులు జీపు పోతుంటే, అదిగో మునెమ్మ డ్రైవరు పోతాండాడని ఎవరో అన్నారట. ఎవరన్నారో తేలలేదు. చాటున అనేవాళ్ళు ఒకరైతే కదా.

జీపు మా స్టూడియో ముందు ఆగింది. గోవిందరాజులు కేకలేస్తాడనుకుంటే కుర్చీలో కూర్చుని మంచినీళ్ళు అడిగాడు. తాగి, గ్లాసు బల్ల మీద మెల్లగా పెట్టాడు.

"శంకరప్పా, కుప్పంలో నీకు చోటు కావల్నా, వొద్దా?"

"కావల్లన్నా."

"అయితే విను. నెగెటివ్ కాల్సేయ్. కుప్పం జాతరలో మైకు ఉంటాది. జనమంతా ఉండేటప్పుడు నువ్వే మైకులో సెప్పల్ల. ఆ ఫోటో నిజం కాదు, అని. నీ నోటితోనే సెప్పల్ల. లేదంటే కుప్పంలోనే కాదు, ఏ జాతరలోనూ నువ్వు గుంజ నాటేది ఉండదు. పాటలు పాడేవాళ్ళందరూ నాకు కావల్సినోళ్ళే." లేస్తూ నా వైపు చూశాడు. "ఆడబిడ్డ సేతికి మిషన్ ఇస్తే ఇట్లే ఉంటాది. దీన్ని ఇంట్లో కూసోబెట్టు."

"అట్లే అన్నా" అన్నాడు నాయన.

జీపు మలుపు తిరగకముందే నోటికొచ్చినన్ని మాటలు అన్నాను. సిగ్గు లేదా అన్నాను. నిజమైన ఫోటోను అబద్ధమని చెప్తావా అన్నాను. ఆయన గ్లాసు కడిగి బోర్లించాడు. నెగెటివ్ అడిగితే పోయిందన్నాను. నా జాకెట్లో ఉంది. ఆయన మళ్ళీ అడగలేదు. అమ్మ మాత్రం, "మీ నాయనకు కడుపు నింపేది తెలుసు, ఎదురు సెప్పేది తెలీదు. ఏం జేస్తాం, ఒగ మనిషికి అన్నీ వస్తాయా?" అంది. నేను ఆయనతో మాట్లాడటం మానేశాను. కుప్పం పోయేదాకా, టెంపోలో పక్కన కూర్చుని కూడా, ఒక్క మాట మాట్లాడలేదు.

కుప్పంలో మాకు చూపించిన చోటు ఎప్పటికన్నా మంచిది, జనం వచ్చే దారికి ఎదురుగానే. అది చూసి నాకు ఇంకా మండింది. మధ్యాహ్నానికి ఇసుక వేస్తే రాలనంత జనం. మునెమ్మ కూడా వచ్చింది, సూట్‌కేసు నెత్తిన పెట్టుకుని, వాళ్ళమ్మతో, కూతురితో. సాయంత్రం రైలు. సంగతి నేనే చెప్పాను. "సెప్పుకోనీలే. ఆయన పొట్ట ఆయనకుండాది గదా" అంది. ఆమె అంత శాంతంగా అనేసరికి నాకు ఏడుపొచ్చింది.

దేవేంద్ర వచ్చి నాయనను పిలిచాడు. నాయన చొక్కా మెడ దాకా గుండీలు పెట్టుకున్నాడు. తప్పిపోయిన పిల్లల పేర్లు చదివే రేకుల షెడ్డులో మైకు ఉంది. పక్కనే కుర్చీలో గోవిందరాజులు. నేను వెనకే పోయి గుంజకు ఆనుకుని నిలబడ్డాను. నాయన సిగ్గుతో చచ్చిపోతుంటే చూడాలనే పోయాను, దాచేదేముంది.

నాయన మైకును రెండు చేతులతో పట్టుకున్నాడు. గొంతు మామూలుగానే ఉంది, కళ్ళు మూయకండి అని ఫోటోకు కూర్చున్నవాళ్ళకు చెప్పేటప్పుడు ఉన్నట్టు.

"అందరికీ నమస్కారం. నా పేరు శంకరప్ప, మదనపల్లె. ఫోటోలు తీస్తాను. పుంగనూరు జాతరలో మేం తీసిన ఇమానం ఫోటో ఒగటి మీలో సానామంది సూసుంటారు. అది నిజం కాదని సెప్పమన్నారు రాజులన్న. ఆయన సెప్పింది రైటే. ఆ ఫోటో నిజం కాదు. ఆ ఇమానం అట్టది. ఆ మేఘాలు పెయింటరు ఏసినవి. ఆ టోపీ నాది. రాజులన్నకు ఇమానం తోలేది రాదు. ఆయన యానాడూ ఇమానం ఎక్కలా. నేనూ ఎక్కలా."

మైకును నోటికి ఇంకాస్త దగ్గరగా పెట్టుకున్నాడు.

"ఆ ఫోటోలో నిజంగా ఇమానం ఎక్కిన మనిషి ఒగరే. మునెమ్మ. ఆమె ఈడనే ఉండాది. ఈ పొద్దు మళ్ళా పోతాంది. ఇంతే సెప్పేది."

బల్ల మీద ఇంకో చీటీ ఉంటే అది కూడా చదివేశాడు. పసుపు గౌను వేసుకున్న బిడ్డ తప్పిపోయిందనీ, కనబడితే షెడ్డు దగ్గరకు తీసుకురమ్మనీ. మైకు జాగ్రత్తగా కింద పెట్టి బయటికి వచ్చాడు.

మొదట కొబ్బరికాయల అంగళ్ళ దగ్గర ఎవరో నవ్వారు. తర్వాత గాజుల అంగళ్ళ దగ్గర. తర్వాత ఎవరు నవ్వుతున్నారో తెలియలేదు. గోవిందరాజులు లేచి నిలబడ్డాడు, మళ్ళీ కూర్చున్నాడు. ఆయన చెప్పమన్న మాటే కదా నాయన చెప్పింది!

మేం డేరా చేరేసరికి దేవేంద్ర మనుషులు తాళ్ళు కోస్తున్నారు. విమానాన్ని కిందపడేసి తొక్కారు. అట్టది కదా, ఎంతసేపు. నాయన పారిస్ పరదాను నేలమీద పరిచి, మట్టి దులిపి, చుట్టడం మొదలుపెట్టాడు. నేను రెండో కొస పట్టుకున్నాను. అన్ని రోజులు ఆ మనిషితో మాట్లాడనందుకు నన్ను నేను చెప్పుతో కొట్టుకోవాలనిపించింది. "నాయనా" అన్నాను. "గట్టిగా పట్టు, ముడతలు పడతాయి" అన్నాడు.

మునెమ్మ వచ్చి విరిగిన అట్టల పక్కన నిలబడింది. "నా మూలంగా మీ బతుకు పాడైపాయె గదన్నా" అంది.

"మా ఇమానం కిటికీలు పెద్దవన్నావంట గదమ్మా" అన్నాడు నాయన. "ఈసారి సిన్నవి కోస్తాలే."

సాయంత్రం ఆమెను రైలెక్కించాం. కూతురు ఏడవలేదు. మునెమ్మే ఏడ్చింది. ఆ తర్వాత ఆ పిల్ల బస్సు ఆగే చోటికి పోవడం మానేసిందనీ, ఆకాశంలో మోత వినిపిస్తే చాలు వాకిట్లోకి పరిగెత్తుతోందనీ మారెమ్మ చెప్పింది.

గోవిందరాజులు అన్నంత పనీ చేశాడు. ఆ ఏడు ఏ జాతరలోనూ మాకు చోటు దొరకలేదు, ఆ తర్వాతా దొరకలేదు. నాయన స్టూడియోలో కూర్చుని తలుపు వైపు చూస్తుండేవాడు. కెమెరా నేను మెడలో వేసుకున్నాను. వాళ్ళు రానివ్వకపోతే మనమే జనం దగ్గరకు పోదామని బస్సులెక్కి పలమనేరు, పెద్దమండ్యం, సదుం పల్లెలన్నీ తిరిగాను. మొదట్లో నాదీ ఒక తెలివి. పరదాలు మోయడమెందుకని, ఎవరింటి ముందు వాళ్ళను నిలబెట్టేదాన్ని. పెద్దమండ్యం దగ్గర అంజమ్మ అనే ముసలామె నన్ను కడిగేసింది. "మా వాకిలి మేం దినామూ సూస్తాండాం మే. ఫోటోలో గూడా మా వాకిలేనా? ఆ సింహాలుండే పారిస్ యాడ పెట్టినావు? అది తే!" మర్నాటి నుంచి పారిస్ బస్సు టాపు మీద నాతోపాటే తిరిగింది. ఇప్పుడు పత్రికలవాళ్ళు ఏదో దేశానికి పంపిస్తూ, అక్కడి పేదవాళ్ళను ఉన్నదున్నట్టు, ఆ గుడిసెల ముందే తీసుకురమ్మంటారు. ముందు వాళ్ళను అడుగుతాను, ఎక్కడ నిలబడతారో వాళ్ళు చెప్పినచోటే తీస్తానంటాను. దాంతో రెండు ఉద్యోగాలు పోయాయి. పోతే పోనీ అనుకున్నాను.

తిరిగిన ప్రతి ఊళ్ళోనూ జనం ఒక ఫోటో మాత్రం తప్పకుండా అడిగేవాళ్ళు, ఆ ఇమానం ఫోటో. కాలనీల్లో ఇంటింటికీ కావాలన్నారు. జాకెట్లో దాచిన నెగెటివ్‌తో నాయన రోజంతా ప్రింట్లు వేసేవాడు.

ఆ ఏడే తొలకరి పడ్డాక ఒక రోజు పొద్దున్నే, నేను బస్సుకు బయల్దేరుతుంటే, స్టూడియో మెట్ల మీద ఒకామె గొడుగు ముడుస్తూ కనిపించింది. అన్నపూర్ణమ్మ. ఒక్కతే వచ్చింది, బస్సులో. నాయన కంగారుగా లేచి నిలబడ్డాడు. ఆమె ఈసారి చెప్పకుండానే కుర్చీ లాక్కుని కూర్చుంది.

"ఆ ఫోటో ఉండాదా?" అంది.

నేనే ఒక ప్రింటు తెచ్చి చేతికిచ్చాను, చింపితే చింపనీ అనుకుని. ఆమె కొంగుతో కళ్ళద్దాలు తుడుచుకుని చూసింది. మొగుడి వైపు కాదు, కుడివైపు కిటికీ చూసింది. వేలితో మునెమ్మ నవ్వు మీద మెల్లగా తట్టింది.

"అందరూ ఈమె మాటే సెప్పుకుంటాండారు. సూస్తామని వచ్చినా" అంది. "ముప్పై ఏండ్లయింది నేను ఆయప్ప పక్కన ఉండబట్టి. ఒగనాడు గూడా ఇట్ల నగలా పాపా. ఆయప్ప పక్కన ఇట్ల నగొచ్చని నాకు తెలీనే తెలీదు."

లోపల అమ్మ గిన్నెల చప్పుడు ఆగిపోయింది.

"నాకొగటి కావల్ల" అంది.

"సిన్న సైజు ఏసిస్తానమ్మా" అన్నాడు నాయన గొంతు తగ్గించి. "ఇంట్లో ఎవురికీ కనబడకుండా పెట్టెలో పెట్టుకోవచ్చు."

అన్నపూర్ణమ్మ తలెత్తి ఆయన వైపు చూసింది.

"దాసిపెట్టుకునేదానికైతే ఇంత దూరం యాల వస్తా శంకరప్పా? పెద్దది ఎయ్యి. అద్దం బిగించి, ఫ్రేము కట్టియ్యి. ఆయప్ప మంచానికి ఎదురుగోడకు కొట్టల్ల."

నాయన స్టూలు ఎక్కి, అటక మీద నుంచి మా ఇంట్లో ఉన్నవాటిలో అన్నిటికన్నా పెద్ద కాగితం దించాడు.